ఆ స్టిక్కరు ఎవరు పీకారు?

పదమూడేళ్ల వయసులో చేసిన ఓ చిన్న అల్లరి పని ఇంటిని అప్పుల్లోకి నెట్టిందని నమ్మాడతను. ఆ నమ్మకాన్ని పాతికేళ్లు మోశాడు. అందులో నిజమెంతో తేల్చింది పెద్దమనుషులూ కాదు, దేవుడి ముందు ప్రమాణాలూ కాదు.. అటక మీది ట్రంకుపెట్టెలో పడున్న ఓ వీడియోగేమ్ బోర్డు!

1999 మే నెల. మచిలీపట్నంలో కోనేరు సెంటర్‌కి కాస్త దూరంగా ఓ సందు. అందులో ఓ రేకుల గది. మూడు వీడియోగేమ్ మిషన్లు, ఒక టేబుల్ ఫ్యాను, చిల్లర కోసం ఓ పాత హార్లిక్స్ సీసా. తండ్రి భోజనానికి ఇంటికెళ్లాడు. షాపులో కొడుకు ఒక్కడే కాపలా. ఎండకి భయపడి పిల్లలెవరూ రావడం లేదు. ఆ వయసు పిల్లాడికి అంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? స్క్రూడ్రైవర్ తీసుకుని మిషన్ వెనక తలుపు తెరిచాడు.

మూడు మిషన్లున్నా షాపుని నడిపించేది ఒక్కటే. పిల్లలంతా దాన్ని 'ముస్తఫా' అనేవారు. అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ఆట. అమెరికాకి చెందిన మార్క్ షుల్ట్జ్ గీసిన 'జెనోజోయిక్ టేల్స్' అనే బొమ్మల కథలు దానికి ఆధారం. ఆ సంగతులేవీ మన పిల్లలకి తెలీవు. ఆటలోని నలుగురు వీరుల్లో, టోపీ పెట్టుకుని పరుగెత్తుకొచ్చి ఎగిరి తన్నే ముస్తఫా అంటేనే అందరికీ మోజు. దాంతో దేశంలో చాలాచోట్ల ఆట పేరే ముస్తఫా అయిపోయింది. పైగా 1996లో 'ప్రేమదేశం' సినిమా పాటతో ఆ పేరు అందరి నోళ్లలోనూ నానింది కూడా.

రూపాయి బిళ్లకి ఒక ఆట. ఇద్దరు కలిసి ఆడితే రెండు బిళ్లలు. ఆ బిళ్లల్ని నమ్ముకునే తండ్రి చీటీ పాడి, హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో ఆ మిషన్ తెచ్చాడు. లోపలున్నది కంపెనీ బోర్డు కాదు, నకలు. అప్పట్లో మన ఊళ్లలో ఎక్కువగా తిరిగినవి అవే.

తలుపు తీసిన కుర్రాడికి చెక్కకి బిగించిన ఆకుపచ్చ బోర్డు కనిపించింది. దాని మీద బొద్దింకల్లా వరసగా నల్లటి చిప్పులు. కొన్నింటి మీద వెండి రంగు స్టిక్కర్లు. గోటితో గీకితే ఒకటి ఊడొచ్చింది. దాని కింద.. చిన్న గాజు కిటికీ! లోపల సీతాకోకచిలుక రెక్కలా మెరుస్తున్న బుల్లి చదరం. అంత అందమైన వస్తువుని ఆ పిల్లాడు అప్పటిదాకా చూడలేదు. కాసేపు అలాగే చూసి, తండ్రి సైకిల్ బెల్లు వినపడేసరికి తలుపు బిగించేశాడు. స్టిక్కరు మాత్రం జామెట్రీ బాక్సులోకి చేరింది.

మూడోరోజు మిషన్ ఆన్ చేస్తే ముస్తఫా లేడు. తెర నిండా రంగురంగుల గళ్లు, విరిగిపోయిన అక్షరాలు.. అంతే.

విజయవాడ నుంచి మెకానిక్ వచ్చాడు. టార్చిలైటు వేసి చూశాడు. కిటికీ తెరుచుకున్న చిప్పు మీద వేలు పెట్టి, "ఈ స్టిక్కరు ఎవరు పీకారండీ? వెలుగు తగిలి లోపల ప్రోగ్రామంతా ఎగిరిపోయింది" అన్నాడు. కొడుకు గుండె ఆగినంత పనైంది. తండ్రి ఒక్క క్షణం కొడుకు వంక చూసి, మెకానిక్‌తో అన్నాడు.. "ఏమోనయ్యా. ఎండకి జిగురు ఆరిపోయి అదే ఊడిపోయుంటుంది."

కొత్త బోర్డు కొనే డబ్బుల్లేవు. మిగతా రెండు మిషన్ల మీద వచ్చేది అద్దెకే సరిపోలేదు. దసరా నాటికి షాపు మూతపడింది. చీటీ వాయిదాలు మాత్రం ఇంకో ఏడాదిన్నర కట్టాల్సి వచ్చింది. తండ్రి ఓ బియ్యం కొట్టులో గుమాస్తాగా చేరాడు. ఇంట్లో ఎవరూ ఆ పిల్లాణ్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అతనికి పెద్ద శిక్షయింది.

అటక మీద అగ్గిపెట్టె

ఆ కుర్రాడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాడు. హైదరాబాద్‌లో యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు బాగుచేసే పనిలో స్థిరపడ్డాడు. ఆ చదువే ఎందుకు ఎంచుకున్నావని అడిగితే "మార్కులు అంతే వచ్చాయి" అని నవ్వేసేవాడు. ఈమధ్య బందరులో ఇంటికి సున్నం వేయించడానికని అటక ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టెలో పాలిథిన్ కవరు బయటపడింది. అందులో పాత న్యూస్‌పేపర్లో చుట్టిన బోర్డు. మిషన్ చెక్కపెట్టె, టీవీ ఎప్పుడో పాత సామాన్లవాడికి వెళ్లిపోయాయి. ఇదొక్కటే మిగిలింది.

పేపరు విప్పుతుంటే ఓ అగ్గిపెట్టె కింద పడింది. తెరిచాడు. లోపల పుల్లల్లేవు.. వెండి రంగు స్టిక్కరు!

అంటే తండ్రికి తెలుసు. మొదట్నుంచీ తెలుసు. జామెట్రీ బాక్సులోంచి దాన్ని తీసి, బోర్డుతోపాటే దాచాడు. పక్కగదిలో పేపరు చదువుకుంటున్న ఆయన్ని వెళ్లి అడగడానికి అతనికి నోరు రాలేదు. బోర్డుని బ్యాగులో పెట్టుకుని హైదరాబాద్ వచ్చేశాడు. ముందు అసలు ఏం జరిగిందో తెలియాలి. మాటలు ఆ తర్వాత.

తేలికైనది ముందు

ఆర్కేడ్ మిషన్ల మరమ్మతుల చరిత్రలో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. 1972లో అటారీ కంపెనీ తన 'పాంగ్' ఆట మిషన్‌ని ప్రయోగాత్మకంగా కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో, ఆండీ క్యాప్స్ అనే బార్‌లో పెట్టింది. కొన్నాళ్లకే మిషన్ పనిచేయడం లేదని కబురొచ్చింది. దాన్ని తయారుచేసిన ఇంజినీరు ఆల్ ఆల్కార్న్ వెళ్లి తెరిచి చూస్తే సర్క్యూట్లో ఏ లోపమూ లేదు. నాణేలు పడే డబ్బా నిండిపోయి పొంగిపొర్లుతోంది! అందుకే ఈ పనిలో మొదటి సూత్రం.. తేలికైనది ముందు చూడు, కష్టమైనది తర్వాత చూడు.

అతనూ అలాగే మొదలుపెట్టాడు. ముందు కళ్లతో పరీక్ష. పాతికేళ్ల దుమ్ము, బొద్దింక గుడ్లు, బందరు ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టిన చిప్పు కాళ్లు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పాత టూత్‌బ్రష్ ముంచి గంటసేపు తోమాడు. బోర్డు అంచున రాగి పలకల్లాంటి పిన్నులు ఒక్కో వైపు 28 చొప్పున మొత్తం 56 ఉంటాయి. 1985లో జపాన్‌లో వచ్చిన 'జమ్మా' అనే పద్ధతి ఇది. దానివల్లే ఒక ఆట బోర్డు తీసి అదే మిషన్లో ఇంకోటి పెట్టుకునే వీలు కలిగింది. కరెంటు, బొమ్మ, శబ్దం, బటన్లు, చివరికి బిళ్ల పడిందని చెప్పే సంకేతం కూడా వీటి గుండానే వెళ్తాయి. ఇందులో 3, 4 నంబర్ల పిన్నులు 5 వోల్టుల కరెంటు తెచ్చేవి. అవి రెండూ నల్లగా కాలి ఉన్నాయి.

పెన్సిల్ రబ్బరుతో రుద్ది మెరిసేలా చేశాడు. 5 వోల్టుల తీగకీ గ్రౌండుకీ మధ్య షార్టు లేదని మీటరుతో నిర్ధారించుకున్నాకే కరెంటు ఇచ్చాడు. సప్లయ్ దగ్గర 5.05 వోల్టులు. బోర్డు చివరున్న చిప్పు దగ్గర కొలిస్తే 4.5. ఈ రకం చిప్పులకి కనీసం 4.75 ఉండాలి. 5.25 దాటకూడదు. సప్లయ్ బాగానే ఉన్నా, పట్టు సరిగా లేనిచోట సగం వోల్టు దారిలోనే ఆవిరైపోతోంది. యూపీఎస్‌లు బాగుచేసే మనిషికి ఇది రోజూ చూసే జబ్బే. కనెక్టరు మార్చి, తీగలు రెట్టింపు చేసేసరికి చిప్పు దగ్గరా 4.98 వచ్చింది.

కోఠిలో కొన్న కన్వర్టరు కార్డు పెట్టి మానిటర్‌కి కలిపాడు. తెర మీద రంగురంగుల గళ్లు. విరిగిపోయిన అక్షరాలు. 1999లో చూసిన అదే బొమ్మ!

చూసేవాళ్లకి అది చచ్చిపోయిన బోర్డు. పని తెలిసినవాళ్లకి అందులో సగం మంచివార్త ఉంది. పిచ్చి బొమ్మయినా కదలకుండా నిలబడిందంటే, తెర మీద బొమ్మ గీసే విభాగం బతికే ఉందన్నమాట. ఏం గీయాలో చెప్పాల్సిన ప్రాసెసరే చెప్పడం లేదు. మరి దానికేమైంది? ప్రాసెసర్‌కి కావలసినవి నాలుగు.. సరైన కరెంటు, గుండె చప్పుడు లాంటి క్లాకు, మొదట్లో ఒక్కసారి వచ్చి ఆగిపోయే రీసెట్, చదువుకోవడానికి ప్రోగ్రాము. పెన్నులా ఉండే లాజిక్ ప్రోబ్ తీసుకుని 68000 ప్రాసెసర్ కాళ్ల మీద ఆనించాడు. కరెంటు ఉంది. క్లాకు ఆడుతోంది. రీసెట్ సవ్యంగానే ఉంది.

ఇక మిగిలింది ప్రోగ్రాము. అది ఉండేది ఆ గాజు కిటికీ చిప్పులో.

నిజానికి ఈ పరీక్ష చాలా సులువు. చిప్పుని సాకెట్ నుంచి తీసి ప్రోగ్రామర్ అనే పరికరంలో పెట్టి చదివించడమే. రెండు నిమిషాల పని. అతను మూడు వారాలు వాయిదా వేశాడు. రోజూ రాత్రి బోర్డు ముందు కూర్చునేవాడు. అవసరం లేని తీగలు కూడా మళ్లీ మళ్లీ కొలిచేవాడు. ఆ చిప్పు జోలికి మాత్రం వెళ్లేవాడు కాదు.

ఎనిమిది అక్షరాల తీర్పు

ఆ చిప్పుని ఈప్రోమ్ అంటారు. ఆట తాలూకు ప్రోగ్రాము అందులో సున్నాలు, ఒకట్లుగా.. అతి సూక్ష్మమైన విద్యుదావేశాల రూపంలో దాగి ఉంటుంది. పాతది చెరిపి కొత్తది రాసుకోవడానికే ఆ గాజు కిటికీ. దాని మీద అతినీలలోహిత కిరణాలు పడితే ఆవేశం కారిపోయి సున్నాలన్నీ ఒకట్లయిపోతాయి. పొరపాటున వెలుగు పడకుండా ఉండేందుకే పైన స్టిక్కరు. కాబట్టి మెకానిక్ చెప్పింది అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు. ఎంత వెలుగు? ఎంతసేపు?

చిప్పు తయారీదార్ల డేటాషీట్లలోనే దానికి సమాధానం ఉంది. చెరపడానికి వాడే ప్రత్యేక దీపం కింద, అంగుళం దూరంలో పెడితే ఇరవై నిమిషాలు చాలు. నేరుగా ఎండలో పెడితే సుమారు వారం. గదిలో ట్యూబ్‌లైటు వెలుగులో అయితే సుమారు మూడేళ్లు! చెక్కపెట్టెలో, మూసిన తలుపు వెనక, మూడు రోజులు కిటికీ తెరిచి ఉంటే..?

లెక్క ప్రకారం ఏమీ కాకూడదు. కానీ లెక్క వేరు, నమ్మకం వేరు. చివరికి ఓ ఆదివారం ఉదయం చిప్పుని మెల్లగా పైకి లేపి ప్రోగ్రామర్‌లో పెట్టాడు. దాని సామర్థ్యం 4 మెగాబిట్లు. అంటే 41,94,304 సున్నాలు, ఒకట్లు. అందులో ఒక్కటి మారినా తెలిసిపోయే ఉపాయం ఉంది. మొత్తాన్నీ గణించి ఎనిమిది అంకెలు, అక్షరాలతో ఓ గుర్తింపు సంఖ్య తీస్తారు. సీఆర్‌సీ అంటారు దాన్ని. చిప్పుకి వేలిముద్ర లాంటిదన్నమాట.

మరి పోల్చి చూడ్డానికి అసలు వేలిముద్ర ఎక్కడుంది? ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో 'మేమ్' అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు. పాత ఆర్కేడ్ బోర్డులు ఒక్కొక్కటీ చచ్చిపోతుంటే, వాటి చిప్పుల్లోని సమాచారం శాశ్వతంగా పోకుండా చూడాలన్నది ఆ ప్రయత్నం ఉద్దేశం. ఎన్నో దేశాల్లోని ఔత్సాహికులు చేయి కలిపారు. వేల ఆటల చిప్పుల వేలిముద్రలు అందులోకి చేరాయి. అసలు బోర్డులవే కాదు, నకళ్లవి కూడా. ముస్తఫా నకళ్లూ ఆ జాబితాలో ఉన్నాయి.

కంప్యూటర్ తెర మీద ఎనిమిది అక్షరాలు వచ్చాయి. జాబితాలో వెతికాడు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పోల్చుకున్నాడు. ఎనిమిదికి ఎనిమిదీ కలిశాయి.

నలభై రెండు లక్షల గడుల్లో ఒక్కటీ మారలేదు. స్టిక్కరు పీకిన మధ్యాహ్నమూ, ఆ తర్వాత చీకటి ట్రంకులో గడిచిన పాతికేళ్లూ ఆ ప్రోగ్రాముని ఏమీ చేయలేకపోయాయి. భార్య కాఫీ తెచ్చి ఇస్తే అందుకోకుండా అలాగే కూర్చుండిపోయాడతను. "ఏమైందండీ?" అంటే "ఇది నేను చెయ్యలేదు" అన్నాడు. ఆమెకి ఏమీ అర్థం కాలేదు.

పాతిక రూపాయల దొంగ

అయితే దోషి ఎవరు? మిగతా చిప్పులూ చదివించాడు. అన్నీ సరిపోయాయి. ప్రోగ్రాము బాగుంది, ప్రాసెసర్ బాగుంది. ప్రాసెసర్ తన లెక్కలు రాసుకునే పలక.. అంటే ర్యామ్ దగ్గరికి దారి బాగుందా? ఆ దారి మధ్యలో 74ఎల్‌ఎస్‌245 అనే ఇరవై కాళ్ల చిప్పు ఒకటుంది. దాని పని పోస్ట్‌మ్యాన్ పని. ఇటు నుంచి వచ్చిన ఎనిమిది సంకేతాల్ని అటు అందించడం, అటువి ఇటు అందించడం. ప్రోబ్ ఆనిస్తే ఏడు దారుల్లో రెండు వైపులా దీపం మిణుకుమంటోంది. ఎనిమిదోదాంట్లో ఒకవైపు సంకేతం వస్తోంది, రెండోవైపు నిశ్శబ్దం. వెలుగూ లేదు, ఆర్పూ లేదు. ఎనిమిది ఉత్తరాల్లో ఒకటి ఎప్పటికీ చేరకపోతే ప్రాసెసర్ తను రాసుకున్నదే తప్పుగా చదువుకుంటుంది. రెండో అడుగులోనే తడబడి ఆగిపోతుంది.

చిప్పుని ఊడదీసే ముందు పాతకాలపు మెకానిక్‌లు చేసే పరీక్ష ఒకటుంది. అదే రకం కొత్త చిప్పుని పాతదాని వీపు మీద, కాలికి కాలు తగిలేలా ఎక్కించి నొక్కిపట్టి స్విచ్ వేయడం. పాతదాని గొంతు మూగబోయి ఉంటే కొత్తది దాని బదులు పలుకుతుంది. షార్టయి ఉంటే మాత్రం ఈ పాచిక పారదు. కోఠిలో పాతిక రూపాయలకి కొన్న చిప్పుని బొటనవేలితో నొక్కిపట్టి, ఇంకో చేత్తో స్విచ్ వేశాడు.

గళ్లు మాయమయ్యాయి. తెర ఒక్కసారి నల్లబడి.. ఆట మొదలైంది.

ఆ రాత్రే పాత చిప్పు కాళ్లు ఒక్కొక్కటిగా కత్తిరించి తీసి, సాకెట్ వేసి, కొత్తది కూర్చోబెట్టాడు. మెకానిక్ మీద అతనికి కోపమేమీ రాలేదు. చేతిలో టార్చిలైటు, ఓ మీటరు తప్ప ఆ మనిషి దగ్గర ఏముంది? కంటికి కనిపించిన తేడా ఊడిన స్టిక్కరొక్కటే. దాన్నే తప్పనుకున్నాడు. ఇప్పటికీ సర్వీసు పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లకి అతను చెప్పేదిదే.. "కనపడిందల్లా కారణం కాదు. కొలిచాకే మాట్లాడండి."

బిళ్ల వెయ్యక్కర్లేదా?

సంక్రాంతికి బోర్డు, మానిటర్, రెండు చేతి బటన్ల పెట్టెలు సర్దుకుని బందరు వెళ్లాడు. ముందుగదిలో టేబుల్ మీద అన్నీ కలిపి స్విచ్ వేశాడు. డెబ్భై నాలుగేళ్ల తండ్రి కళ్లజోడు సవరించుకుని చూశాడు. షాపు నడిపినన్నాళ్లూ ఆయన ఒక్క ఆటా ఆడలేదు. బిళ్ల వృథా అని.

"బిళ్ల వెయ్యక్కర్లేదా?" అన్నాడు.

"వద్దు నాన్నా, బటన్ పెట్టాను."

ఆయన వినకుండా జేబులోంచి రూపాయి బిళ్ల తీసి టేబుల్ మీద పెట్టాడు. మనవడు బటన్ నొక్కాడు. ముస్తఫా తెర మీదకొచ్చాడు.

అప్పుడు కొడుకు అగ్గిపెట్టె తీసి బిళ్ల పక్కన పెట్టాడు. తండ్రి దాన్ని గుర్తుపట్టాడు.

"నీ జామెట్రీ బాక్సులో దొరికింది" అన్నాడు.

"మరి అడగలేదేం?"

"అడిగితే మిషన్ బాగవుతుందా?"

ప్రోగ్రాము చెక్కుచెదరలేదనీ, పోయింది వేరే చిప్పనీ కొడుకు చెప్పుకొచ్చాడు. తండ్రి అంతా విన్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు.. "అది ఎందుకు పోయిందిరా?"

కొడుకు జవాబు వెతుక్కుంటుంటే ఆయనే అన్నాడు.. "ఆ ఎండాకాలం కరెంటు ఎక్కువ తక్కువలుగా వచ్చేది. స్టెబిలైజరు పెట్టుకోమని మిషన్ అమ్మినవాడు చెబుతూనే ఉన్నాడు. రెండు చీటీ వాయిదాలు అయ్యాక కొందాంలే అనుకున్నా. ఆ మెకానిక్ స్టిక్కరని అన్నాడుగానీ, నా మటుక్కి నాకు నా వల్లే పోయిందనిపించేది. నిన్నెలా అంటాను?"

ఒకే బోర్డు. ఒకే ఇంట్లో ఇద్దరు దోషులు. ఒకరికొకరు చెప్పుకోకుండా పాతికేళ్లు!

ఆ చిప్పు కరెంటు హెచ్చుతగ్గులకి పోయిందో, వేడికి పోయిందో ఇప్పుడు ఏ మీటరూ చెప్పలేదు. కొలిచాకే మాట్లాడాలని కుర్రాళ్లకి చెప్పే మనిషికి ఆ సంగతి బాగా తెలుసు. అయినా తండ్రి పక్కన కుర్చీ జరుపుకుని కూర్చుంటూ అన్నాడు..

"ఏమో నాన్నా. వయసైపోయి అదే పోయుంటుంది."